ముసలి తండ్రి వేషం

ధనకోటి ఇన్నేళ్ళ తరవాత భాను సారుని మళ్ళీ చూడటం మనవరాలి ఫోనులో.

తిరువళ్ళూరులో అదొక ఆదివారం మధ్యాహ్నం. భోంచేసి చాప మీద నడుం వాల్చాడు. పక్కనే వర్షిత ఫోనుని నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకుని కొరియా సీరియల్ చూస్తోంది. కాలేజీలో చేరిన కాడి నుంచీ దానికి అదే లోకం. మాటలు తమిళంలో వస్తాయి, మొహాలు మాత్రం వాళ్ళవే. సగం నిద్రలో ధనకోటి ఓ కన్ను తెరిచి చూసేసరికి, ఆ చిన్న తెర మీద వాచ్‌మన్ బట్టలేసుకున్న ముసలాయన ఒకడు వానలోంచి లోపలికి వచ్చి, తల తుడుచుకుని, ఎదురుగా నిలబడ్డ పిల్లకేసి చూశాడు. తల కొంచెం పక్కకి వాల్చాడు.

ధనకోటి లేచి కూర్చున్నాడు. అది మళ్ళీ ఒకసారి వెయ్యమన్నాడు. వర్షిత వేసింది.

"ఈయన మన భాను సారే," అన్నాడు.

వర్షిత నవ్వింది. నీకు వాళ్ళంతా ఒకే మాదిరి కనిపిస్తారు తాతా, అంది. ధనకోటి ఒప్పుకోలేదు. ఎడమ చెవి కింద కందిగింజంత పుట్టుమచ్చ ఉండాలి, చూడమన్నాడు. అది బొమ్మని వేళ్ళతో లాగి పెద్దది చేసింది. మచ్చ ఉంది. ఈలోగా వంటింట్లోంచి ధనకోటి భార్య కమలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఫోను తీసుకుని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూసింది. ఆమెకి మచ్చ చూడాల్సిన పని కూడా పడలేదు.

"చిక్కిపోయినాడే మనిషి," అంది. "అక్కడ మన చారు ఎవరు పోస్తారు పాపం."

అప్పుడు నమ్మింది వర్షిత. నమ్మినాక ఇక నిలవలేదు. ఆయన అసలు పేరు బాన్ గిచోల్ అనీ, తన క్లాసులో అందరూ 'వాచ్‌మన్ తాత' అంటారనీ, అరవై దాటేదాకా ఆయన్ని వాళ్ళ దేశంలోనే ఎవరూ ఎరగరనీ, ఇప్పుడు ఏ సీరియల్లో తండ్రి కావాలన్నా తాత కావాలన్నా ముందు ఆయన్నే అడుగుతారనీ గబగబా చదివి చెప్పింది. అంతకుముందు ఏం చేసేవాడని ధనకోటి అడిగాడు. వెతికింది. విదేశంలో ఫ్యాక్టరీ ఉద్యోగం అని ఒక్క ముక్క ఉంది.

ధనకోటి ఆ సాయంత్రమంతా దానికి ఆ ఒక్క ముక్క సంగతే చెప్పాడు.

ఆ ఫ్యాక్టరీ శ్రీపెరుంబుదూరు పోయే దారిలో ఉండేది. కార్ల సీట్లకి తొడుగులు కుట్టే కంపెనీ. ధనకోటి దాంట్లో వ్యాను డ్రైవరు. కుట్టుమిషన్ల మీద పెత్తనానికి కొరియా నుంచి కొత్త సారు వస్తున్నాడంటే మీనంబాకం విమానాశ్రయానికి పోయి తెచ్చింది తనే. పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడితే, నలభై అయిదేళ్ళ సన్నపాటి మనిషి ఒక్క పెట్టెతో వచ్చి నడుం వంచి దండం పెట్టాడు. డ్రైవరుకి అంత వంగి దండం పెట్టిన సారుని ధనకోటి అదే మొదటిసారి చూడటం. పేరు బాన్ అన్నాడు. వారం తిరక్కముందే కంపెనీలో బాన్ కాస్తా భాను అయిపోయింది. అది మన సూర్యుడి పేరేనని ఎవరో చెబితే ఆయన చాలా సంతోషపడ్డాడు కూడా.

తక్కిన కొరియావాళ్ళు మద్రాసులో ఉంటూ కార్లలో వచ్చిపోయేవాళ్ళు. ఈయన మాత్రం తిరువళ్ళూరులోనే ఉంటానన్నాడు. వీరరాఘవస్వామి గుడి వెనక వీధిలో ధనకోటి బాడుగకున్న ఇంటి మేడ మీద గది ఒకటి ఖాళీగా ఉంటే దాంట్లో దిగాడు. మొదటి నెల డబ్బాల్లో తెచ్చుకున్నదేదో తిన్నాడు. రెండో నెల కమలమ్మ పెట్టిన చారన్నం తిన్నాడు. ఆ తరవాత సాయంత్రం పొయ్యి మీద చింతపండు వాసన రాగానే మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడేది.

భాష నేర్చుకుంటానన్నాడు. వ్యానులో పోతూ వస్తూ ధనకోటి దగ్గర ఒక్కో మాటా అడిగి, చేతిలో వేలితో రాసుకున్నట్టు చేసి, లోపల్లోపల అనుకునేవాడు. నాలుగు నెలలకి ధైర్యం వచ్చి మిషన్ల దగ్గర ఆడపిల్లలతో మాట్లాడాడు. వాళ్ళు మొహాలు చూసుకుని పగలబడి నవ్వారు. ఆయన అనుకున్నది తను నేర్చుకుంటున్నది తమిళం అని. ధనకోటికి ఇంట్లో భాష తెలుగు, అడిగినవాడికి నోటికి వచ్చిన భాషే చెప్పాడు తప్ప ఏ భాష కావాలి అని అడగలేదు. సంగతి తెలిసినాక భాను సారు కూడా నవ్వాడు. నేర్చుకున్నది పారేసుకోవడం ఇష్టం లేదని తెలుగే కానిచ్చాడు. పని చేయించుకోవడానికి సైగలు చాలన్నాడు. తల కొంచెం పక్కకి వాల్చాడంటే ఆయన ఏమంటున్నాడో మిషన్ల దగ్గర అందరికీ తెలిసేది. సైగలు ఆయనకి బాగా వచ్చు.

ఎందుకు వచ్చో ధనకోటికి తెలియడానికి ఏడాది పట్టింది. వానాకాలంలో ఒకసారి రోడ్డు మీద నీళ్ళు నిలిచి వ్యాను ఆగిపోయింది. ఇద్దరూ లోపల కూర్చుని బఠాణీలు తింటూ ఉన్నారు. ఆయన ఉన్నట్టుండి, అన్నా, నేను పీనుగు, అన్నాడు. ధనకోటి అదిరిపడ్డాడు. మెల్లిగా విప్పి చెబితే తెలిసింది. ఆయన సొంతూరు సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం. తండ్రికి చేపల వలలు బాగుచేసే పని. ఇరవై ఏళ్ళప్పుడు ఆయన నాటకాల పిచ్చితో ఇల్లొదిలి రాజధానికి పోయాడు. పదేళ్ళు తిరిగితే దొరికినవన్నీ గుంపులో సిపాయి, సంతలో మనిషి, మూడు సినిమాల్లో పీనుగు. ఒక సినిమాకి వాళ్ళమ్మ టిక్కెట్టు కొనుక్కుని పోయి, కొడుకు ఎక్కడున్నాడో కనిపెట్టలేక తిరిగొచ్చింది. నీ మొహం ఎవరికీ గుర్తుండదు, ఆ పని నీకు అబ్బదు అని ఒక డైరెక్టరు చెప్పాడు. ఆ ఏడే కూతురు పుట్టింది. ఆయన మిషన్ల పని నేర్చుకున్నాడు.

అంతా చెప్పి, బఠాణీలు బాగున్నాయి అన్నాడు. ధనకోటి బఠాణీల పొట్లం ఆయన చేతిలో పెట్టాడు. వచ్చే తిరునాళ్ళకి మా ఊరికి రండి సార్, నేను కూడా వేషం కడతా, అన్నాడు.

ధనకోటి సొంతూరు తిరుత్తణికి అవతల, ఆంధ్రా సరిహద్దుకి కూతవేటు దూరం. తెలుగు మాట్లాడే ఊరు. చిత్తిర నెలలో ద్రౌపదమ్మ తిరునాళ్ళు జరుగుతాయి, భారతం కథ మొత్తం ఆడతారు. ఆడించే వాద్యారు మునియప్ప. రెండెకరాల చెరకు, గొంతులో భారతం, అంతే ఆయన ఆస్తి. ధనకోటికి తెర ముందుకొచ్చి జనాన్ని నవ్వించే వేషం. భాను సారు వచ్చి నేల మీద కూర్చుని చూశాడు. మరుసటి ఆదివారం, పిలవకుండానే, వేషగాళ్ళు ఆట నేర్చుకునే ఒద్దికలకి వచ్చాడు. ఆ పైన ప్రతి ఆదివారం వచ్చేవాడు. తిరుత్తణి దాకా రైలు, అక్కడ్నుంచి ధనకోటి స్కూటరు. కొండ కింద కాఫీ తాగి ఊరికి పోయేవాళ్ళు. వేషగాళ్ళకి మొహాలకి రంగు కలిపిచ్చేవాడు, చిరిగిన కిరీటాలకి గుడ్డ కుట్టిచ్చేవాడు. కుట్టడంలో ఆయన చెయ్యి చూసి ఊళ్ళో ఆడవాళ్ళు రవికెలు తెచ్చిస్తే అవీ కుట్టాడు.

రెండో ఏడు తిరునాళ్ళలో ఒక ఇబ్బంది వచ్చింది. భారతంలో బకాసురుడి కథ పగటిపూట, వీధిలోనే ఆడతారు. ఏకచక్రపురంలో ఒక ముసలి బ్రాహ్మణుడి ఇంటికి వంతు వస్తుంది, బండెడు అన్నంతో ఇంట్లో ఒకరు రాక్షసుడికి ఆహారంగా పోవాలి. నేను పోతానని పెళ్ళాం, నేను పోతానని కొడుకు. ముసలాయన ఎవర్నీ పొమ్మనలేడు. ఆ ముసలి తండ్రి వేషం ఎప్పుడూ దొరస్వామిది. ఆయన ఆ ఊళ్ళోనే సేద్యగాడు, మునియప్పకి చిన్నాయన కొడుకు. ఆ ఏడు ఆయనకి కంట్లో పొర తీయించారు, ఎండలో తిరగకూడదన్నారు. మునియప్ప చుట్టూ చూసి, నువ్వు కట్టు సార్ అన్నాడు. మాటలు రావంటే, ఏడ్చి ఏడ్చి మాట పడిపోయిన ముసలాయనగా మార్చేశాడు. ఆయన పాటలన్నీ పెళ్ళాం వేషానికి ఇచ్చేశాడు.

ఆ రోజు ఊళ్ళో చిన్నప్పగారి ఇంటి తిన్నె మీద, తెల్లగడ్డం అంటించుకుని, భాను సారు కూర్చున్నాడు. పెళ్ళాం పాడితే పెళ్ళాం మొహం చూశాడు, కొడుకు పాడితే కొడుకు మొహం చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారాయి. రెండు చేతులూ పైకెత్తి ఆకాశంకేసి చూసి తలకాయ కొట్టుకున్నాడు. వీధి వీధంతా ఏడ్చింది. ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆట అయినాక ఆయన మెళ్ళో బంతిపూల దండ వేశారు, వీధి చివరిదాకా భుజాల మీద మోశారు. చెరకు గడలు, అరటి గెల, కోడిపుంజు ఇచ్చారు. ఆ పుంజుని ఆయన తిరువళ్ళూరు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కమలమ్మ కోస్తానంటే కొయ్యనివ్వలేదు.

దొరస్వామి కన్ను బాగయింది. మరుసటి ఏడు తన వేషం తను కట్టాడు. కానీ ఊళ్ళోవాళ్ళకి ఆ ఆట రుచించలేదు. యాడనుంచో వచ్చిన కొరియా ఆయన అంత ఏడిపిస్తే మనోడు ఇట్లా కూర్చున్నాడే అన్నారు. టీకొట్టు దగ్గర అన్నారు, పెళ్ళిళ్ళలో అన్నారు. ఆయన ముందే నవ్వుతూ అన్నారు. దొరస్వామీ నవ్వాడు. ఆ పైన రెండేళ్ళు కంటికి వెలుతురు పడదని చెప్పి, తరవాత వేషమే వదిలేశాడు. భాను సారు మాత్రం మళ్ళీ ఆ గడ్డం అంటించుకోలేదు. ఎంతమంది అడిగినా రంగు కలిపే పనే చాలన్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇంకో రెండేళ్ళకి కంపెనీ ఆ లైను మూసేసింది. మీనంబాకంలో ఆయన మళ్ళీ నడుం వంచి దండం పెట్టాడు. ధనకోటి ఆయన పెట్టె తోసుకుని లోపలి దాకా పోబోతే కాపలావాళ్ళు ఆపేశారు.

ఇదంతా విని వర్షిత మిగతాది వెతికింది. తమిళంలో అక్షరాలు కింద పడే ఒక ఇంటర్వ్యూ దొరికితే, తాతకి జేజికి చదివి వినిపించింది. దేశానికి తిరిగిపోయినాక ఆయన కంపెనీకి రాజీనామా ఇచ్చేశాడు. యాభై దాటాక మనిషికి బుద్ధి చెడిందా అని పెళ్ళాం ఏడ్చింది. సొంత రేవు పట్నంలోనే ఒక బేస్‌మెంటులో ముప్ఫై కుర్చీల నాటకాల హాలు ఉంటే దాంట్లో చేరాడు. తెల్లారుజామున కూరగాయల లారీ తోలడం, సాయంత్రం నాటకం. హాలు ఊడ్చేదీ ఆయనే, టిక్కెట్లు చింపేదీ ఆయనే. అన్నీ ముసలివాళ్ళ వేషాలే. పదేళ్ళు అట్లా గడిచాయి. ఒకనాడు చూడటానికి వచ్చిన వాళ్ళలో సీరియళ్ళు తీసే అమ్మాయి ఒకామె ఉంది. వాచ్‌మన్ వేషం ఇచ్చింది. కొన్ని నిమిషాల వేషం, జనం ఉత్తరాలు రాసి పెంచమన్నారు. నా తండ్రి గుర్తొచ్చాడని రాశారట అందరూ. నీ మొహం ఎవరికీ గుర్తుండదన్న డైరెక్టరు మాట మీకు గుర్తుందా అని ఇంటర్వ్యూలో అడిగితే, అది నిజమే, అందుకే ఎవరి తండ్రి మొహం కావాలన్నా నా మీద పెట్టుకోవచ్చు, అన్నాడట.

కమలమ్మ కళ్ళు తుడుచుకుంది. లారీ తోలినాడంట, చూడు, అంది.

ఆ తరవాత నాలుగు నెలలకి, ఎండలు ముదరకముందు మాసి నెలలో, ధనకోటికి ఫోను వచ్చింది. అవతల జ్యోతిక అనే అమ్మాయి, తమిళంలో మాట్లాడింది. కొరియా భాష నేర్చుకుని చెన్నైలో దుబాసీ పని చేస్తుందట. అక్కడి నుంచి ఒక సినిమావాళ్ళు షూటింగుకి వచ్చారనీ, అందులో పెద్దాయన ఒకరు తన దగ్గరున్న పాత నంబరు ఇచ్చి ఇది ఇంకా పలుకుతుందేమో చూడమన్నారనీ చెప్పింది. ధనకోటి ఫోను పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. వెనకాల సన్నగా ఒక గొంతు, "అన్నా, అన్నం తిన్నావా," అంది. కమలమ్మ రోజూ మెట్ల కింద నిలబడి పైకి వేసిన కేక అది.

గురువారం పొద్దున్నే కారు వచ్చింది. దిగిన మనిషి జుట్టు మొత్తం తెల్లబడింది, నడుం మాత్రం అట్లాగే వంగింది. కమలమ్మ చారు కాచింది. రెండుసార్లు పోయించుకున్నాడు. తెలుగు చాలా మటుకు పోయింది, తిండి మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు. వర్షిత ఆయన పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది, ఆ తరవాత సిగ్గుపడి వంటింట్లోకి పోయి కూర్చుంది.

భోజనమైనాక ఆయన జ్యోతికతో ఏదో అన్నాడు. ఊరికి పోదామంటున్నారు, అంది ఆమె. ధనకోటి ఇబ్బందిగా చూశాడు. మునియప్ప వాద్యారు పోయి ఆరేళ్ళయింది. భారతం ఇప్పుడు పద్దెనిమిది రోజులు ఆడరు, మూడు రోజుల్లో ముగించి పాటకచ్చేరీ పెడతారు. చూడటానికి ఎవరూ లేరు సార్, అన్నాడు.

"దొరస్వామి?" అని అడిగాడు భాను సారు.

దొరస్వామి ఉన్నాడు. ఎనభై దాటింది. తిరుత్తణిలో కూతురింట్లో ఉంటున్నాడు. అయితే అక్కడికే అన్నాడాయన.

కారు తిరుప్పాచూరు దాటింది. కనకమ్మసత్రం దగ్గర పాత టీకొట్టు ఉండిన చోట ఇప్పుడు పెద్ద హోటలు ఉంది, ఆయన తల తిప్పి తిప్పి వెతికాడు. దొరస్వామి మీకు ఇంతగా ఎందుకు గుర్తున్నాడని ధనకోటి అడిగాడు. మీరు కట్టిన వేషం చూసి మా ఊరు ఊరంతా ఏడిచిందే, ఆ రోజు గుర్తుందా సార్, అన్నాడు. ఆ మాటకి భాను సారు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. తరవాత నెమ్మదిగా, తన భాషలో, జ్యోతికని ఆపి ఆపి చెప్పమంటూ చెప్పాడు.

ఆ రోజు తను బాగా చెయ్యలేదన్నాడు. కళ్ళలో నీళ్ళు వస్తున్నప్పుడు తను జనాన్నే చూస్తున్నాడు. ఎవరు ఏడుస్తున్నారు, ఎంతమంది ఏడుస్తున్నారు, ఆ ముసలామె కూడా ఏడిస్తే బాగుండు అని. ఇరవై ఏళ్ళ ఆకలి ఒక్కసారిగా తీరుతుంటే ఒళ్ళు తెలియలేదు. భుజాల మీద మోస్తే ఇంకా తెలియలేదు. మరుసటి ఏడు దొరస్వామి కట్టినప్పుడు, గుంపు వెనకాల నిలబడి చూశాడు. దొరస్వామి తిన్నె మీద కూర్చుని, చేటలో చెనిక్కాయలు పోసుకుని ఒలుస్తున్నాడు. పెళ్ళాం పాడింది, కొడుకు పాడాడు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. కాయ ఒత్తి, గింజ చేటలో వేసి, పొట్టు పక్కన వేస్తున్నాడు. నేను పోతా నాయనా అని కొడుకు కాళ్ళు పట్టుకున్నప్పుడు మాత్రం ఆయన చేతులు ఆగాయి. ఒలిచిన గింజని పొట్టులో వేశాడు, పొట్టుని చేటలో వేశాడు. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టాడు.

"నాకు ఊపిరి ఆడలేదు," అన్నాడు భాను సారు. "చుట్టూ జనం నవ్వుతున్నారు."

ధనకోటికి ఆ నవ్వులు గుర్తొచ్చాయి. పెళ్ళాంబిడ్డలు ఏడస్తావుంటే చెనిక్కాయలు ఒలుచుకుంటాడా ఎవుడైనా అని అడిగినవాళ్ళలో తనూ ఉన్నాడు. మరునాడు తెర ముందు తన హాస్యంలో ఆ మాట కలిపాడు కూడా. జనం బాగా నవ్వారు.

తన పేరు నిలబెట్టిన సీరియల్లో ఒక ఘట్టం ఉందన్నాడు భాను సారు. వాచ్‌మన్‌కి కొడుకు చనిపోయాడని కబురు వస్తుంది. డైరెక్టరమ్మ ఏడవమంది. తను వెల్లుల్లి తెప్పించమని అడిగాడు. కబురు వింటూ వెల్లుల్లి ఒలిచాడు. ఎవరు నేర్పారు అని అందరూ అడుగుతారు, ఇండియాలో ఒక రైతు అని చెబుతాడు, ఎవరూ నమ్మరు.

తిరుత్తణి కొండ కనబడింది.

దొరస్వామి కూతురు మునిలక్ష్మి ఇల్లు రైల్వే గేటు అవతల. ఇంటి ముందు పూలు కట్టి అమ్ముతుంది. ముసలాయన వరండాలో నులకమంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ధనకోటి చెవి దగ్గర నోరు పెట్టి ఎవరొచ్చారో చెప్పాడు.

"నా వేషం కట్టినాయన గదా," అన్నాడు దొరస్వామి. "బాగా కట్టినాడు."

భాను సారు చెప్పులు విడిచి, ఆ వరండా గచ్చు మీద మోకాళ్ళు ఆనించి, రెండు చేతులూ నేల మీద పెట్టి, నుదురు చేతుల మీదికి వంచాడు. వాళ్ళ దేశంలో గురువులకీ తండ్రికీ అట్లా పెడతారని జ్యోతిక చెప్పింది. దొరస్వామి కంగారుపడి కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు. ఏంది నాయనా ఇది, లే, లే, అన్నాడు. ఆయన లేచి, చెనిక్కాయల సంగతి అంతా జ్యోతిక చేత చెప్పించాడు. ఆమె తమిళంలో చెప్పింది, ధనకోటి గట్టిగా తెలుగులో చెప్పాడు. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. చివర్లో, ఆ కాయలు ఒలవాలని మీరు ఎట్లా అనుకున్నారు అని భాను సారు అడిగించాడు.

దొరస్వామి మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.

"అవి విత్తనం కాయలు," అన్నాడు. "ఆ వారమే వేరే రైతుకి ఇస్తామని మాటిచ్చినా. మా ఇంటామె, పొద్దస్తమానం వేషం ఏసుకుని కూర్చుంటే కాయలు ఎవరు ఒలస్తారు అని తిట్టింది. సరే అని చేట అక్కడికే ఎత్తుకుని పోయినా."

జ్యోతిక అది చెప్పగానే భాను సారు ముందు అర్థం కానట్టు చూశాడు. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. దొరస్వామి కూడా బోసినోటితో నవ్వాడు. కాసేపటికి భాను సారు కళ్ళు తుడుచుకుని, మరి గింజ పొట్టులో ఎందుకు వేశారు అని అడిగాడు. ఆ ఒక్కటి కూడా పని తొందరలోనేనా అని.

దొరస్వామి నవ్వు ఆపాడు.

"ఆ పొద్దు కొడుకు వేషం కట్టింది నా కొడుకు మణికంఠ గదా," అన్నాడు. "పిల్లోడు కాళ్ళు పట్టుకుంటే, ఆట అని తెలుసు. చేతికి తెలీలా."

ఇది జ్యోతిక చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనకి తెలుగులోనే అర్థమైంది. మంచం పక్కనే గచ్చు మీద కూర్చుని ముసలాయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మీ దేశంలో వానలు ఎట్లా వుంటాయి అని దొరస్వామి అడిగాడు. బాగా పడతాయని ఆయన చెప్పాడు. ముసలోళ్ళకి కూడా వేషాలిస్తారా అని అడిగాడు. నాకు అవే ఇస్తారన్నాడు. అట్లా ఇద్దరూ కాసేపు, సగం మాటలు సగం సైగలు, మాట్లాడుకున్నారు.

మునిలక్ష్మి ధనకోటిని పక్కకి పిలిచింది. చేతిలో సగం కట్టిన మల్లెదండ అట్లాగే ఉంది. ఆమెకి పెళ్ళయి ఈ ఊరు వచ్చేసిన తరవాత జరిగినవి అవన్నీ. వేషం మానేసిన సంగతి కూడా ఆమెకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"మా నాయన అంత బాగా ఆడేటోడా మామా?" అని అడిగింది.

ధనకోటి వరండాకేసి చూశాడు.

"ఆడేటోడు," అన్నాడు. "మేమే ఉండనిచ్చినాము కాదు."

ఆమె సగం దండతోనే వరండాలోకి పోయి తండ్రి మంచం అంచున కూర్చుంది. ఆ ఏడు చిత్తిర నెల తిరునాళ్ళ మాటలకి ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు ధనకోటి పోయి, బకాసురుడి ఆట మళ్ళీ పగలు, వీధిలో, పూర్తిగా పెట్టాలని పట్టుబట్టాడు. ఎందుకని అడిగితే కారులో విన్నదీ, వరండాలో చూసిందీ అందరి ముందూ చెప్పాడు. తెర ముందు తను కలిపిన హాస్యం సంగతి కూడా దాచలేదు. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. ఆటకి ఒప్పుకున్నారు. దొరస్వామి వేషం కట్టలేడు, నడవలేడు. మణికంఠ స్కూటరు మీద తండ్రిని తెచ్చి, తిన్నెకి ఎదురుగా నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గడ్డం తను అంటించుకున్నాడు.

వర్షిత అదంతా ఫోనులో తీసి భాను సారుకి పంపింది. రెండు రోజులకి జవాబు వచ్చింది. షూటింగు మధ్యలో ఉన్నాననీ, ఈసారి తనది పడవ తోలే ముసలాయన వేషమనీ, రాత్రి గదికి పోయినాక మొత్తం చూస్తాననీ. కింద తెలుగు మాటలు, ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిచ్చినవి. కమలమ్మక్కని అడిగినానని చెప్పండి, అని.

కమలమ్మ రెండుసార్లు చదివించుకుంది.